నేల కింది నిప్పు – 9: గ్యాసు దొరికింది, ఇసుక దొరకాలి

పోయిన భాగంలో కృష్ణా–గోదావరి బేసిన్ కథను పాశర్లపూడి నుంచి డీ6 దాకా చెప్పుకున్నాం. 1995 జనవరి 8న కోనసీమ కొబ్బరితోటల మధ్య ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు ఆరకుండా మండింది. 2002లో కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో డీ6 బ్లాకులో రిలయన్స్‌కు భారీ నిక్షేపం దొరికింది. 2009 ఏప్రిల్‌లో ఆ గ్యాసు ఒడ్డుకు చేరింది. మరుసటి ఏడాదికల్లా రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్ల దాకా ఎగబాకి, దేశమంతా దాన్ని నమ్ముకుని కరెంటు కేంద్రాలు కట్టుకుంటుండగానే చకచకా పడిపోయింది. బావుల్లోకి నీళ్లూ ఇసుకా చేరాయని కంపెనీ అంది. తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వ పక్షం అంది. తగవు మధ్యవర్తుల దాకా పోయింది. ఆ తగవులో ఎవరి వాదన నెగ్గినా, బావిలోకి వచ్చిన ఇసుకను మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ భాగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అదే సముద్రంలో, అదే తీరానికి ఎదురుగా, ఇంకో రకం గ్యాసు కోసం వేట అప్పటికే మొదలైంది. అది గ్యాసు రూపంలో లేదు. సముద్రపు అడుగు మట్టిలో గడ్డకట్టి ఉంది.

మన వాగుల మట్టి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠకులకు ఇది ఎక్కడో జరిగిన కథలా అనిపించవచ్చు. సముద్రం మనకు ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరం. అయినా ఆ అడుగున పేరుకున్న మట్టిలో మన వాటా ఉంది. పుష్కరాలకు మనం ధర్మపురిలో మునిగే గోదావరి త్రయంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు పారుతుంది. దాని పాయల్లో ఒకటి అంతర్వేది దగ్గర కడలిలో కలుస్తుంది. మన దగ్గర ఒడ్డున ఒక నరసింహస్వామి, నది చివర ఇంకో నరసింహస్వామి. సిరిసిల్లను ఆనుకుని పారే మానేరు మంథని దిగువన ఈ గోదావరిలోనే చేరుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి వాగుల నీళ్లు కూడా చివరికి పోయేది అక్కడికే.

నీళ్లతో పాటు మట్టి పోయింది. దక్కన్ పీఠభూమి నల్లరేగడి, తెలంగాణ రాళ్లు అరిగి తయారైన ఇసుక, అడవుల్లో రాలిన ఆకూ అలమూ, వరద వచ్చిన ప్రతిసారీ కిందికి కొట్టుకుపోయేవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును సముద్రానికి చేర్చేది. 1990లకు అది ఆరు కోట్ల టన్నుల లోపుకు దిగింది. మధ్యలో పోచంపాడు వంటి ఆనకట్టలు లేచాయి. మేట ఇప్పుడు జలాశయాల్లోనే పడుతోంది, డెల్టా అంచును మాత్రం సముద్రం కోసుకుపోతోంది.

మనం చెప్పుకుంటున్న నిక్షేపం ఆనకట్టలకూ ఊళ్లకూ చాలా ముందుది. మంచు యుగాల్లో సముద్ర మట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా దిగిపోయినప్పుడు నదుల ముఖద్వారాలు ఇప్పటి తీరం దాటి ముందుకు జరిగాయి. వరద మోసుకొచ్చిన సరుకు ఖండపు అంచు దాకా పోయి అక్కడినుంచి లోతుల్లోకి జారింది. ఆ జారుడులో బరువైన ఇసుక కాల్వలు కోసుకుని వాటిలో నిలిచిపోయింది. తేలికైన బంకమట్టి దూరదూరాలకు పరుచుకుని పొరలు పొరలుగా కప్పేసింది. మట్టిలో కలిసిన ఆకుల్నీ నాచునీ సూక్ష్మజీవులు గాలి లేని చోట తిని మీథేన్ వదిలాయి. కృష్ణా–గోదావరి అడుగున గడ్డకట్టిన గ్యాసు దాదాపు అంతా ఇలా పుట్టిందేనని తర్వాత పరీక్షల్లో తేలింది.

కిలోమీటరు లోతున నీటి ఒత్తిడి మన నేల మీద గాలి ఒత్తిడికి దాదాపు వంద రెట్లు. అక్కడి నీళ్ల వేడి ఆరేడు డిగ్రీలు. ఆ చలిలో, ఆ ఒత్తిడిలో మీథేన్ తగినంత ఉంటే నీటి అణువులు దాని చుట్టూ పంజరంలా గడ్డకడతాయి. అదే హైడ్రేట్. చూడటానికి మామూలు మంచుగడ్డే. అగ్గిపుల్ల గీసి దగ్గర పెడితే అంటుకుంటుంది. ఒక ఘనపు మీటరు గడ్డ విడిపోతే సుమారు 164 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది, మిగిలింది నీళ్లు. భూమి లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది కాబట్టి సముద్రపు అడుగు నుంచి కొన్ని వందల మీటర్ల దాకానే ఈ గడ్డ నిలుస్తుంది. ఆ హద్దు కింద గ్యాసు గ్యాసుగానే ఉంటుంది. ఆ హద్దు వల్లనే శాస్త్రవేత్తలకు దీని జాడ దొరికింది.

పైపుల్లో శత్రువు

నీళ్లూ వాయువూ కలిసి గడ్డకడతాయని లోకానికి తెలిసి రెండు వందల ఏళ్లు దాటింది. 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ క్లోరిన్‌తో దీన్ని గమనించాడు. 1888లో ఫ్రాన్సులో పాల్ విలార్డ్ మీథేన్‌తోనూ అదే జరుగుతుందని చూపాడు. తర్వాత గామా కిరణాలను కనిపెట్టిందీ ఈయనే. ఆ తర్వాత చాలాకాలం ఇది ప్రయోగశాలల్లో వింతగానే ఉండిపోయింది. 1934లో అమెరికాలో గ్యాసు పైపులైన్లు నీరు గడ్డకట్టే చలి కూడా లేని రోజుల్లో మూసుకుపోతుంటే హామర్‌ష్మిట్ అనే రసాయనవేత్త కారణం పట్టుకున్నాడు. అడ్డం పడుతున్నది హైడ్రేట్. దాంతో చమురు పరిశ్రమకు హైడ్రేట్ శత్రువైంది. 1960లలో సోవియట్ శాస్త్రవేత్త యూరీ మాకొగాన్, ఆయన సహచరులు ఈ శత్రువు భూమిలో సహజంగానే పుట్టి ఉంటుందని వాదించారు. సైబీరియాలోని మెస్సోయాఖా గ్యాసు క్షేత్రం వైపు వేలు చూపారు. అక్కడినుంచి ఇది ఇంధనంగా లెక్కలోకి వచ్చింది.

హైదరాబాద్ కాగితాల మీద ఒక గీత

మన దేశంలో ఈ వేట తొలి రోజుల్లో చాలా పని ఓడల కన్నా బల్లల మీద జరిగింది. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, అందులో ముందు నిలిచింది. చమురు వెతకటానికి సముద్రంలోకి శబ్ద తరంగాలు పంపి, అడుగు పొరలను తాకి తిరిగొచ్చిన ప్రతిధ్వనులను ఓఎన్‌జీసీ వంటి సంస్థలు అప్పటికే రాశులుగా పోగేసి ఉన్నాయి. వాళ్లు చూసింది కిలోమీటర్ల లోతున ఉన్న పొరల కోసం. పైపైన ఉన్న మెత్తటి మట్టిని ఎవరూ పట్టించుకోలేదు. ఎన్‌జీఆర్‌ఐలో కళాచంద్ సైన్ వంటి శాస్త్రవేత్తలు ఆ రికార్డులను మళ్లీ తిరగేశారు. సముద్రపు అడుగు ఎలా ఎగుడుదిగుడుగా ఉంటే అలాగే, దానికి సమాంతరంగా, మట్టి పొరలను అడ్డంగా కోస్తూ పోయే ఒక గీత కోసం చూశారు. దాని పేరు బీఎస్‌ఆర్. పైన గడ్డ, కింద గ్యాసు ఉన్న హద్దు దగ్గర శబ్దం అలా తిరిగొస్తుంది. కృష్ణా–గోదావరి, మహానది, అండమాన్ సముద్రాల్లో ఆ గీత కనిపించింది.

1997లో పెట్రోలియం, సహజవాయువు మంత్రిత్వ శాఖ జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 2000లో దాన్ని పునర్వ్యవస్థీకరించి సమన్వయం బాధ్యతను హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్‌కు అప్పగించింది. ఓఎన్‌జీసీ, గెయిల్, ఆయిల్ ఇండియా, గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థ, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అన్నీ అందులో చేరాయి.

ఎందుకంత తొందర? కారణం మన ఇళ్ల దాకా ఉంది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద పొదుపు సంఘాల ఆడవాళ్లకు సిలిండర్లు వచ్చాయి. కట్టెల పొయ్యి పొగ నుంచి మన పల్లెల వంటిళ్లు బయటపడటం అప్పుడే మొదలు. సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. సముద్రం కింద ఉన్నది మీథేన్. మీథేన్ మన పొలాలకు యూరియా బస్తాలో వస్తుంది, కొన్నిచోట్ల కరెంటు తీగలో వస్తుంది. ఈ రెండు రకాల గ్యాసుకూ దేశం బయటివాళ్ల మీద ఆధారపడటం పెరుగుతూ పోయింది. 1999లోనే ఖతర్‌తో ద్రవ సహజవాయువు ఒప్పందం కుదిరింది. 2004 జనవరిలో అక్కడి రాస్ లఫాన్ రేవు నుంచి తొలి ఓడ గుజరాత్‌లోని దహేజ్‌కు చేరింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి మగవాళ్లు వీసాల కోసం అప్పులు చేసి గల్ఫ్‌కు పోతున్న కాలం అది. మన మనుషులు అటు, వాళ్ల గ్యాసు ఇటు. ఆ గ్యాసు ధర ఎప్పుడు పెరుగుతుందో, జలసంధుల్లో ఓడలు ఎప్పుడు ఆగుతాయో మన చేతుల్లో లేదు. సొంత సముద్రంలో ఉన్నదాన్ని తీసుకోవాలన్న ఆత్రం అలా పెరిగింది.

ఆ ఆత్రంలో పెద్ద అంకెలు కూడా పుట్టాయి. భారత సముద్రాల్లో 1,894 లక్షల కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు హైడ్రేట్ రూపంలో ఉందన్న అంచనా పత్రికల్లో పదేపదే వచ్చింది. మనం ఏటా వాడుకునే గ్యాసుతో భాగిస్తే అది వేల ఏళ్లకు వస్తుంది. ఇది నేల కింద ఉండవచ్చని ఊహించిన మొత్తం మాత్రమే. అందులో బావిలోంచి పైకి తీయగలిగింది ఎంతో ఆ అంకె చెప్పదు. ప్రజల ఆశను పెంచే అంకె చెప్పేవాళ్లు ఈ తేడా కూడా చెప్పి తీరాలి. అప్పట్లో చాలామంది చెప్పలేదు.

2006: మొదటి ఓడ

గీతను నమ్మి ఊరుకుంటే లాభం లేదు, మట్టిని పైకి తీసి చూడాలి. లోతు సముద్రంలో శాస్త్ర పరిశోధన కోసం తవ్వే అమెరికా ఓడ జాయిడెస్ రిజల్యూషన్‌ను అద్దెకు తీసుకున్నారు. 2006 ఏప్రిల్ 28న ముంబైలో బయలుదేరిన యాత్ర ఆగస్టు 19న చెన్నైలో ముగిసింది. కేరళ–కొంకణ్ తీరంలో ఒకచోట, కృష్ణా–గోదావరిలో 15 చోట్ల, మహానదిలో నాలుగు చోట్ల, అండమాన్‌లో ఒకచోట, మొత్తం 21 చోట్ల 39 బావులు తవ్వారు. శాస్త్ర బృందానికి నాయకత్వం వహించినవారిలో అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన తిమోతీ కోలెట్ ఒకరు. ఆయన పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

ఓడ మీద బతుకు పన్నెండు గంటల షిఫ్టుల మీద నడిచేది. నడి సముద్రంలో ఓడ లంగరు వేయదు. అడుగున ఉన్న మోటార్లతో ఒకేచోట నిలబడుతుంది. ఓడ మధ్యలోని గోపురం నుంచి కిలోమీటరు పొడవున్న ఉక్కు గొట్టం నీళ్లలోకి దిగుతుంది. దాని చివరనుంచి తొమ్మిదిన్నర మీటర్ల మట్టి స్తంభం ప్లాస్టిక్ గొట్టంలో పైకి వస్తుంది. దాన్నే కోర్ అంటారు.

కోర్ డెక్ మీదికి రాగానే పరుగు మొదలవుతుంది. సముద్రపు అడుగున ఉన్న చలీ ఒత్తిడీ పైన లేవు. లోపలి గడ్డ అప్పటికే విడిపోతూ ఉంటుంది. విడిపోయేటప్పుడు అది చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది కాబట్టి ఆ చోట మట్టి చల్లబడుతుంది. అందుకని వేడిని పసిగట్టే కెమెరాను గొట్టం పొడవునా నడిపిస్తారు. తెర మీద చల్లటి మచ్చ కనిపించిన చోట గొట్టాన్ని అక్కడికక్కడే కోసి, ఆ ముక్కను ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. ఆలస్యమైతే మిగిలేది నీళ్లలా కారే బురద. గ్యాసు ఉబ్బి గొట్టం పగలకుండా పక్కల రంధ్రాలు వేస్తారు. మట్టి ఆ రంధ్రాల్లోంచి బుసకొడుతూ బయటికి వస్తుంది.

కృష్ణా–గోదావరిలో పదో నెంబరు స్థలం ఈ యాత్ర మొత్తానికి గుండెకాయ. దాదాపు వెయ్యి మీటర్ల నీటి కింద సుమారు 130 మీటర్ల మందాన హైడ్రేట్ తగిలింది. నలుపు తిరిగిన బూడిదరంగు బంకమట్టిలో తెల్లటి గడ్డలు, పలకలు, నరాల్లా పాకిన చారలు. అప్పటిదాకా లోకంలో ఎక్కడా సముద్రం కింద చూసిన వాటిలో అత్యంత సమృద్ధమైన నిక్షేపాల్లో ఇది ఒకటని శాస్త్రవేత్తలు ప్రకటించారు. అండమాన్‌లో తవ్విన ఒకే ఒక్క చోట అగ్నిపర్వత బూడిద పొరల్లో, సముద్రపు అడుగుకు 600 మీటర్ల లోతు దాకా హైడ్రేట్ జాడలు కనిపించాయి. పత్రికలు పండగ చేసుకున్నాయి.

పండగ తర్వాత లెక్కలు వచ్చాయి. బావిలోకి దించిన పరికరాలు మట్టి కరెంటును ఎంతగా అడ్డుకుంటుందో కొలిచాయి. ఉప్పునీరు కరెంటును పోనిస్తుంది, హైడ్రేట్ పోనివ్వదు. ఆ కొలతను మామూలు సూత్రంలో వేస్తే పదో నెంబరు స్థలంలో మట్టి రంధ్రాలు చాలావరకు హైడ్రేట్‌తోనే నిండినట్టు వచ్చింది. అదే చోట సముద్రపు ఒత్తిడి చెదరకుండా మూతబిగించి పైకి తెచ్చిన కోర్లు ఇంకోమాట చెప్పాయి. వాటిలోంచి గ్యాసును మెల్లగా వదిలి కొలిస్తే రంధ్రాల్లో పావు వంతుకు అటూ ఇటూగా మాత్రమే హైడ్రేట్ ఉంది. తేడాకు కారణం హైడ్రేట్ నిలిచిన తీరు. అది మట్టి అంతటా సమంగా పరుచుకోలేదు. నిలువుగా చీలిన పగుళ్లలో పలకల్లా పెరిగింది. ఆ పలకలు పరికరాన్ని ఏమార్చాయి. కోలెట్, ఆయన సహచరుడు 2009లో ఈ లెక్కను సరిదిద్ది ప్రచురించారు. తాము స్వయంగా చాటిన నిక్షేపం అంచనాను తామే తగ్గించి రాయటం సులువైన పని కాదు. ఆ కోర్లను మూతబిగించి తెచ్చే కష్టం పడకపోయి ఉంటే మనం ఇప్పటికీ ఆ పెద్ద అంకెనే పట్టుకుని ఊగేవాళ్లం.

చెలమ పాఠం

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. పదో నెంబరు స్థలంలో గడ్డ ఉన్నది బంకమట్టిలో. ఎండాకాలం మానేరు ఇసుకలో చెలమ తీసినవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మోకాలి లోతు తోడితే చాలు, చుట్టూ ఉన్న నీళ్లన్నీ ఊరి చెలమలోకి వస్తాయి. అదే గుంట నల్లరేగడిలో తవ్వితే మట్టి నిండా తడి ఉన్నా గుంటలోకి చుక్క ఊరదు. సముద్రం కింద గ్యాసుదీ అదే తీరు.

గడ్డ నుంచి గ్యాసు రాబట్టటానికి ప్రధానంగా మూడు దారులు. బావిలోకి వేడి పంపి కరిగించవచ్చు. దానికి వచ్చే గ్యాసులో పెద్ద వంతు ఖర్చవుతుంది. మిథనాల్ వంటి రసాయనం పంపవచ్చు. అది ఖరీదు, సముద్రానికి మంచిది కాదు. మూడోది బావిలోంచి నీళ్లు తోడి ఒత్తిడి తగ్గించటం. ఒత్తిడి తగ్గగానే బావి చుట్టూ ఉన్న గడ్డ విడిపోతుంది, గ్యాసూ నీళ్లూ బావి వైపు పారతాయి. మూడింటిలో చవకైనదీ, అందరూ చివరికి ఒప్పుకున్నదీ ఇదే. తోడిన కొద్దీ ఒత్తిడి దూరదూరాలకు తగ్గుతూ పోవాలంటే గ్యాసు కదలటానికి దారి ఉండాలి. ఆ దారి ఇసుకలో ఉంది, బంకమట్టిలో లేదు.

అందుకే 2006 యాత్ర మన శాస్త్రవేత్తలకు రెండు ముక్కలు తేల్చి చెప్పింది: గ్యాసు ఉంది. తీయాలంటే గోదావరి మోసుకొచ్చిన ఇసుక ఎక్కడ ఆగిందో వెతకాలి.

జపాన్ ఆరు రోజులు

అప్పటికే పోటీ మొదలైంది. చమురూ గ్యాసూ దాదాపు అంతా కొనుక్కునే జపాన్ ఈ గడ్డ మీద అందరికన్నా ముందు కన్నేసింది. కెనడా ఉత్తరాన మాలిక్ అనే చోట, నేల గడ్డకట్టి ఉండే ప్రాంతంలో, కెనడాతో కలిసి పరీక్షలు చేసింది. 2007లో బావిలోకి ఇసుక వచ్చి పరీక్ష మధ్యలోనే ఆగింది. 2008 మార్చిలో ఇసుకను ఆపే జల్లెడలు పెట్టి తోడితే ఆరు రోజుల్లో సుమారు 13 వేల ఘనపు మీటర్లు వచ్చింది.

2011 మార్చిలో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగింది. జపాన్‌లో అణు కేంద్రాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కొనే గ్యాసు బిల్లు కొండలా పెరిగింది. 2013 మార్చి 12న చిక్యు అనే పెద్ద తవ్వకం ఓడ నాన్‌కై అగాధం అంచున సముద్రపు హైడ్రేట్ నుంచి లోకంలోనే తొలిసారి గ్యాసు తీసింది. ఓడ మీద మంట లేచింది. ఆరో రోజున ఆగిపోయింది. సుమారు 1,20,000 ఘనపు మీటర్లు వచ్చాక బావిలోకి ఇసుక పొర్లింది.

ఇసుక లేకపోతే గ్యాసు కదలదు. ఉంటే గ్యాసుతో పాటు అదీ కదులుతుంది. పట్టి ఉంచిన గడ్డ కరగగానే రేణువులు విడిపోయి బావిలోకి కొట్టుకొస్తాయి. ఈ చిక్కుముడి ఇంకా పూర్తిగా విడలేదు.

2015: అదే ఓడ మన సముద్రంలో

రెండేళ్ల తర్వాత అదే చిక్యు బంగాళాఖాతానికి వచ్చింది. రెండో యాత్ర 2015 మార్చి 3న మొదలై జులై 28న ముగిసింది. 147 రోజులు. ఈసారి నాయకత్వం ఓఎన్‌జీసీది. జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు తోడు వచ్చారు, కోలెట్ మళ్లీ వచ్చాడు. 25 చోట్ల 42 బావులు తవ్వారు. మొదటిసారి గడ్డ ఎక్కడుందని వెతికినవాళ్లు ఈసారి ఇసుక ఎక్కడుందని వెతికారు. పాత నదీ కాల్వలు సముద్రపు అడుగున ఎటు పోయాయో ముందుగా పటాలు గీసుకుని, లోతు కిలోమీటరున్నర నుంచి మూడు కిలోమీటర్లకు చేరువైన చోట్లకు పోయారు. ముందు పరికరాలతో బావులను కొలిచి, మంచివని తేలిన చోట్లనే కోర్లు తీశారు. 2006లో నేర్చిన పాఠం గుర్తుంది కాబట్టి ఒత్తిడి చెదరని కోర్లకు పెద్దపీట వేశారు.

ఫలితం 2016 జులైలో బయటికి వచ్చింది. కృష్ణా–గోదావరి లోతుల్లో ఇసుక పొరల్లో హైడ్రేట్ దండిగా నిలిచిన నిక్షేపాలు దొరికాయి. శాస్త్రవేత్తలు బి, సి అని పేరుపెట్టుకున్న రెండు ప్రాంతాలు వీటిలో ముఖ్యమైనవి. సి ప్రాంతం పాత కాల్వలు, వాటి గట్లు ఉన్న చోటు. బి ప్రాంతంలో పొరలు విల్లులా పైకి వంగి ఉన్నాయి. ఉత్పత్తి పరీక్షకు పనికొచ్చే నిక్షేపం హిందూ మహాసముద్రంలో దొరకటం అదే తొలిసారి.

ఈ ఘనతను తక్కువ చేసి చూడకూడదు. తొమ్మిదేళ్లలో ప్రశ్నను మార్చుకుని, రెండో ప్రయత్నంలోనే సరైన జవాబు పట్టుకున్న కార్యక్రమాలు మన ప్రభుత్వ రంగంలో ఎక్కువ లేవు.

ఆ తర్వాత

మూడో దశలో ఈ ఇసుక పొరల మీద ప్రయోగాత్మకంగా గ్యాసు తీయాలన్నది మొదటినుంచీ ఉన్న ప్రణాళిక. ఓఎన్‌జీసీ పన్వేల్‌లో హైడ్రేట్ పరిశోధన కేంద్రం పెట్టింది. ఐఐటీ మద్రాస్‌లో మీథేన్‌ను తీసి ఆ పంజరంలో బొగ్గుపులుసు వాయువును బంధించే పద్ధతి మీద పని జరుగుతోంది. అమెరికా అలాస్కాలో 2012లో ఆ పద్ధతిని నేల మీద పరీక్షించి చూసింది. 2018 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఉన్న కాంట్రాక్టుల కిందే హైడ్రేట్ వెతుక్కోవచ్చని విధానం ఆమోదించింది. ఆ ఏడాదే గోవా సముద్ర అధ్యయన సంస్థ శాస్త్రవేత్తలు సింధు సాధన నౌక మీద పోయి కృష్ణా–గోదావరి అడుగున మీథేన్ ఊటలను, వాటి చుట్టూ ఎండ ఎరగకుండా ఆ గ్యాసు మీదనే బతికే జీవజాతులను కనుగొన్నారు. బావి మాత్రం పడలేదు.

ఈలోగా మిగతావాళ్లు ముందుకు పోయారు. 2017లో జపాన్ రెండు బావులు తీసింది. మొదటిది మళ్లీ ఇసుకతో మూసుకుంది, రెండోది 24 రోజులు నడిచింది. అదే ఏడాది చైనా దక్షిణ చైనా సముద్రంలోని షెన్‌హు దగ్గర 60 రోజుల్లో 3,09,000 ఘనపు మీటర్లు తీసింది. అక్కడిది ఇసుక కూడా కాదు, సన్నటి ఒండ్రు. 2020లో అడ్డంగా పోయే బావి వేసి 30 రోజుల్లో 8,61,400 ఘనపు మీటర్లు సాధించింది.

ఆ అంకె ఎంతో తెలియాలంటే డీ6 పక్కన పెట్టి చూడాలి. రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్లు ఇచ్చిన రోజుల్లో డీ6 అంత గ్యాసును దాదాపు ఇరవై నిమిషాల్లో పంపేది. 2020 నాటికి లోకంలో అత్యుత్తమ ఫలితం అంతే. కాబట్టి రేపోమాపో మన ఇళ్లకు హైడ్రేట్ గ్యాసు వస్తుందని చెప్పేవాళ్లను నమ్మవద్దు. రాదు కాబట్టి వదిలేద్దాం అనేవాళ్ల మాటా నాకు నచ్చదు. ఉన్న ఇసుక పొరల్లో ఒక్క బావి వేసి నెలల తరబడి నడిపి చూస్తే తప్ప, ఇది ఇంధనమా కాదా అన్నది తేలదు. ఆ ఒక్క పరీక్షకు డబ్బు పెట్టటం ఖతర్ ధరల మీద ఆధారపడి కూర్చోవటం కన్నా మంచిదని నా నమ్మకం.

ఆ పరీక్షకు కొన్ని షరతులు ఉండాలి. వాలు మీద ఉన్న మట్టిని గడ్డ పట్టి ఉంచుతున్న చోట దాన్ని కరిగిస్తే వాలు జారవచ్చు. తప్పించుకున్న మీథేన్ వాతావరణాన్ని బొగ్గుపులుసు వాయువు కన్నా ఎన్నో రెట్లు వేడెక్కిస్తుంది. తవ్వకానికి ముందూ తర్వాతా సముద్రపు అడుగును కొలిచి ఆ లెక్కలు అందరి ముందూ పెట్టాలి. పాశర్లపూడి మంటను కళ్లారా చూసిన తీరం అది. కాకినాడ, కోనసీమ మత్స్యకారులకు ఏం జరుగుతోందో ముందే తెలియాలి, వాళ్ల భాషలో తెలియాలి.

ఇక సముద్రం నుంచి వెనక్కి, మన వైపు వద్దాం. కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి ఒక గ్యాసు పైపులైను తెలంగాణలోకి వచ్చి రామగుండం చేరింది. అక్కడ 1980లో బొగ్గుతో యూరియా చేయటం మొదలుపెట్టి 1999లో మూతపడిన ఎరువుల ఫ్యాక్టరీ స్థానంలో గ్యాసుతో నడిచే కొత్త ఫ్యాక్టరీ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. జగిత్యాల, కోరుట్ల సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టి రైతులు ఎదురుచూసే యూరియా బస్తా కథలో ఆ రెండు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. సింగరేణి బొగ్గు పక్కనే ఉండి కూడా మొదటి ఫ్యాక్టరీ ఎందుకు నష్టాల్లో కూరుకుపోయింది, మూతపడిన ఇరవై ఏళ్లు ఆ కాలనీల్లో జనం ఎలా బతికారు, గ్యాసు ఎలా దాన్ని లేపింది – వచ్చే భాగంలో.